నేరం కాదు, నేరు

భుజం నొప్పికి మందు రాసిచ్చిన డాక్టరు, ఈ వయసులో చేతులు తలకంటే పైకి ఎత్తవద్దని మొన్న గట్టిగా చెప్పి పంపాడు. ఇంటికి వచ్చి, తలుపు గడియ పెట్టుకుని, గోడకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చెవులకు ఆనేదాకా ఎత్తాను. నొప్పి పుట్టింది. పుట్టనీ అనుకున్నాను. నా ఈడువాళ్లు చాలామంది ఒకప్పుడు సాము గరిడీల్లో మట్టి పూసుకున్నవాళ్లే, ఇది విని నన్ను మందలిస్తారని తెలుసు. అయినా ఈ చేతులతో నేను చేసిన తప్పు ఒకటుంది, దాన్ని చెప్పుకునేదాకా వీటిని దించే ఉద్దేశం నాకు లేదు.

మాది పొన్నై. పద్దెనిమిదో ఏట నాయన నన్ను గుడియాత్తంలో మేనమామ దగ్గర తాపీ పని నేర్చుకోమని వదిలి వెళ్లాడు. మామ పగలంతా గోడలు కట్టేవాడు, సాయంత్రం పని దిగాక ఇంటి వెనక పెంకుల సావడిలో పదిమందికి గరిడీ నేర్పేవాడు. దండీలు, బస్కీలు అందరూ తీయించేవే. మామ ప్రత్యేకత చేతుల మీద నిలవడం. ఆ రోజుల్లో చేతుల మీద నిలిచే ప్రతివాడూ నడుము విల్లులా వంచి, కాళ్లు తలమీదికి వేలాడేసేవాడు. అలా అయితే బరువు తేలికగా సరితూగుతుంది, చూసేవాళ్లకూ అందంగా ఉంటుంది. మామకు అది చూస్తే ఒంటిమీద తేలు పాకినట్టుండేది. సావడి దూలానికి గోడలు చూసే తూకుగుండునే వేలాడదీసి, ఆ తాడు పక్కన మమ్మల్ని తలకిందులుగా నిలిపి, మణికట్టు, భుజం, తుంటి, మడమ దాని వెంట వస్తున్నాయో లేదో ఒక కన్ను మూసి చూసేవాడు. గోడకు వీపు ఆనించినవాడికి నడుము వంచే సందు దొరుకుతుందని, పొట్ట గోడవైపు ఉండేట్టు పాదాలతో గోడ ఎక్కించేవాడు. భుజాలతో నేలను తోసెయ్యాలి, పక్కటెముకలు లోపలికి లాక్కోవాలి, తొడలు బిగించాలి. కింది వరస ఇటుకలు తప్పితే పై వరసను తిట్టి లాభం లేదని, అన్నిటికంటే ముందు అరచేతులు సరిచేయించేవాడు.

మా ఇంట్లో తెలుగే, అరవం నాకు అప్పటికి రాదు. ముప్పయ్యేళ్లుగా అక్కడే ఉన్న మామకు సగం మాటలు అరవమే. మొదటి వారంలో నేను తలకిందులుగా ఊగుతుండగా, ఆయన పక్కవాడి వైపు తిరిగి "నేరం ఎంతయిందప్పా?" అన్నాడు. అరవంలో నేరమంటే వేళ అని నాకేం తెలుసు? పట్టుబడ్డాననుకుని, అత్త ఉట్టిలో దాచిన బెల్లం తిన్నది నేనేనని తలకిందులుగానే ఒప్పేసుకున్నాను. సావడంతా పడీపడీ నవ్వింది.

"బెల్లం సంగతి మీ అత్త చూసుకుంటాదిలే అల్లుడా. నాకు నేరమొద్దు, నేరు కావాల," అన్నాడు మామ.

నేరు అంటే తిన్నగా ఉండడం. ఎంతసేపు నిలిచావని కాదు, ఎంత తిన్నగా నిలిచావని అడుగుతాననేది ఆయన మాట. ఆ మాట నా ఒంటికి ఎక్కడానికి రెండేళ్లు పట్టింది.

ఈలోగా మామ నేర్పే నేరు సంగతి వేలూరికి పాకింది. అక్కడ గరిడీ నడిపే ఒక వస్తాదు, గోడలు కట్టేవానికి గరిడీ యాడ తెలుస్తాదని నలుగురిలో అన్నాడట. మామ కోపం చూపలేదు గాని, పందెం పిలుపు రాగానే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఎక్కువసేపు నిలిచినవాడికి జరీ తలపాగా. మామ నాకు చెప్పింది ఒక్కటే: ఓడినా సరే, తిన్నగా ఉన్నప్పుడే దిగిపో, వాళ్లు ఒక్కసారి నేరు చూస్తే చాలు. ఆయన పరువూ, ఇన్నేళ్ల పాఠమూ నా రెండు మణికట్ల మీద ఉన్నాయని నాకు బాగా తెలుసు.

ముందు చాలాసేపు తిన్నగానే నిలిచాను. జనం కేకలు ఆగిపోవడం కూడా విన్నాను. తర్వాత చేతులు వణికాయి. పక్కన వస్తాదు శిష్యుడు నడుము వంచుకుని హాయిగా ఉన్నాడు. దిగవలసిన క్షణం అదే, నేను దిగలేదు. నడుము వదిలేశాను, మోచేతులు మడిచాను, ఎండు రొయ్యలా వంకర తిరిగి వాడు పడిపోయేదాకా వేలాడాను. తలపాగా నా తలకు చుట్టారు. వస్తాదు మామ భుజం తట్టి, "చివర్లో మా దారికే వచ్చినాడు గదప్పా నీ అల్లుడు!" అన్నాడు.

తిరుగుదారిలో విరించిపురం దగ్గర ఆగాం. పాలారు ఏటి ఇసకలో నీటికి చెలమ తోడుతూ, గెలిచినావులే అన్నాడు మామ. సిగ్గుపడవలసినవాణ్ణి తిరగబడ్డాను.

"గెలిస్తేనే గదా మామా నీ పేరు నిలిచేది?"

"నిలిచింది అల్లుడా. వంకరగా నిలిచింది."

మరునాటినుంచి నన్ను సావడిలోకి రానివ్వలేదు. పనిలో మాత్రం పక్కనే ఉంచుకున్నాడు. సున్నం అందిస్తే తీసుకునేవాడు, అంతే. నెల రోజులు ఆయన్నే తప్పుపడుతూ గడిపాను. ఆ తర్వాత ఇంక నన్ను నేను మోయలేక, తలపాగా మూటగట్టుకుని ఒక్కణ్ణే వేలూరికి నడిచాను. దాన్ని వస్తాదు ముందు పెట్టి, వంగి గెలిచానని చెప్పాను.

"వంగితే ఏమప్పా, యెవురూ అడగలేదే. తీసుకపో," అన్నాడాయన.

"నేనే అడిగినాను," అన్నాను.

అక్కడే, ఆయన శిష్యులందరి ఎదుట, చేతుల మీదికి లేచి తిన్నగా నిలిచి, భుజం సడలబోతున్నదని తెలిసిన క్షణాన దిగాను. అందరూ నవ్వారు. ఇంతేనా అన్నాడొకడు. ఇంతే అన్నాను, వాడి కళ్లలోకి చూస్తూ.

మామకు నేను చెప్పలేదు, సంతకు వచ్చిన బండివాడెవడో చెప్పాడు. ఆయన మెచ్చుకోలేదు. ఆ సాయంత్రం సావడి తలుపు మూయకుండా లోపలికి పోయాడు. అంతకంటే పెద్ద పిలుపు నా జన్మలో అందుకోలేదు.

ఇప్పుడా సావడిలో నూలు మూటలు పెట్టుకుంటున్నారు. కసరత్తు శాలలు లేకపోలేదు. వెళ్లి చూస్తే గడియారం పెట్టుకుని ఎవడెంతసేపు నిలిచాడో పలకమీద రాస్తున్నారు, ఎలా నిలిచాడని అడిగే నాథుడు లేడు. ముసలివాడి చాదస్తమంటారు. అనండి. వంగి గెలిచినవాణ్ణి కనుక ఆ గెలుపు రుచి మీకంటే నాకు బాగా తెలుసు, ఈ ఒక్క మాట మాత్రం మార్చుకోను. మామ పోయి చాలా ఏళ్లయింది. ఈనాడు నేనెంత వంకర పోయినా, ఒక కన్ను మూసి చూసి చెప్పేవాడు నాకు ఒక్కడూ మిగలలేదు.