గుర్రం పొర్లిన ఎర్రమట్టి

గుర్రాన్ని కొన్నది మా ఆయన. అది బతికుండగానే దానికి గొయ్యి తీయించిందీ ఆయనే.

బూర్గంపాడులో మాకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాం. పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగాలన్న సరదా మా పక్క పల్లెలకు కూడా పాకేసరికి, ఈయన చెప్పాపెట్టకుండా ఒక తెల్ల ఆడగుర్రాన్ని వ్యాన్‌లో తెచ్చి ఇంటి ముందు దించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంట్ల పనికే నడుము ఇరుగుతుంది, దీనికి ఉలవలెవరు ఉడకబెడతరయ్యా?" అని అరిచాను. ఎవరు ఉడకబెడతారు, నేనే.

ఉలవలు పెట్టే చేతిని గుర్రం మర్చిపోదు. కొన్నాళ్లకే నా చెప్పుల చప్పుడు వినబడగానే చెవులు ముందుకు నిక్కబెట్టి, గొంతులోనే చిన్నగా సకిలించి పలకరించేది. ఇంకొన్నాళ్లకు నేను దాని వీపు మీద ఉన్నాను. ఎట్లా ఎక్కానో, ఎన్నిసార్లు పడ్డానో అడక్కండి. నలభై దాటిన ఆడది, చర్చిలో ముందు వరసలో కూర్చునే ఇంటి కోడలు, పొద్దున్నే చున్నీ నడుముకు బిగించి గోదావరి కరకట్ట మీద గుర్రాన్ని పరిగెత్తిస్తుంటే ఊరు ఊరుకుంటుందా? "రాణిగారూ, కోట యాడుందమ్మా?" అన్నాడు టీకొట్టు ముందు కూర్చున్న ఒక పెద్దమనిషి. "మీ ఇంటెనక పెంటకుప్ప మీద కడుతున్నరు, సూడలేదా?" అన్నాను. 

ఆ సవారీల సుఖం చెప్తే తీరేది కాదు. ఏటి అవతల భద్రాచలం ఇంకా మంచులో ఉండగానే బయల్దేరేవాళ్లం. దాని వీపు వేడి నా కాళ్లలోకి ఎక్కేది. చెవులు ఒకటి ముందుకీ, ఒకటి నా వైపుకీ తిప్పుకుంటూ నడిచేది, నేనేమన్నా మాట్లాడతానేమోనని. నేనూ మాట్లాడేదాన్ని. అత్తమ్మ మీద, ఆయన మీద, పెరిగిన ధరల మీద నా కడుపుమంటంతా దాని చెవిలోనే పోసేదాన్ని. ఇప్పపూలు రాలే రోజుల్లో అడవి అంచుకు పోతే దాన్ని ఆపడం నా తరమయ్యేది కాదు. చెట్ల కింద పూలేరే కోయ ఆడవాళ్ల బుట్టలో మూతి పెట్టేసేది. ఒకామె వాళ్ల భాషలో నన్ను కడిగేసింది. మాట అర్థం కాలేదు గానీ తిట్టు అర్థం కాకపోవడమేముంది!

ఆ ఎండాకాలం మొదట్లో ఒక పెద్దింటి పెళ్లికి రెండు గుర్రాలు కావాలన్నారు. రెండోది వేరే ఊరినుంచి వచ్చి మా షెడ్‌లోనే ఉంది, మా దాని తొట్టిలోనే నీళ్లు తాగింది. దాని ముక్కులోంచి చిక్కగా కారుతుంటే అడిగాను. "సల్లగాలికి సర్ది అయ్యింది, అంతే" అన్నాడు దాని యజమాని. నాకు ఆ మాట మింగుడుపడలేదు. పెళ్లయింది, వాళ్లు పోయారు. తర్వాత, ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం వచ్చింది. చర్చి ఊరేగింపులో మా గుర్రమే ముందు నడిచింది. పిల్లలందరూ దాని మెడకు వేలాడి, ముక్కు మీద ముద్దులు పెట్టారు.

ఆ వారంలోనే పశువుల డాక్టర్ మా ఇంటికొచ్చాడు. కుర్రాడు, నెమ్మదస్తుడు, భుజానికి మందుల సంచి. "అమ్మా, పెళ్లికి వచ్చిన గుర్రం సచ్చిపోయింది. మీ దగ్గర ఏ తొట్టిల నీళ్లు తాగింది?" అని అడిగాడు. చూపించాను. ఆయన తొట్టి వైపు వంగబోయి, ఆగి, ఒక అడుగు వెనక్కి వేశాడు. 

జబ్బు పేరు గ్లాండర్స్ అట. గుర్రాలకు మందు లేదు, మనుషులకూ అంటుకుంటుంది. మా దాని రక్తం తీసుకున్నాడు, అది ఉత్తరాదిన ఎక్కడో ల్యాబుకు పోవాలి. "జబ్బు ఉన్నట్టు తేలితే ఉంచనియ్యరమ్మా. సూదేసి పండవెట్టాలె. లోతుగ గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్సాలె." అప్పటిదాకా సవారీ లేదు, దొడ్డి దాటించకూడదు, మాస్కూ గ్లౌజులూ లేకుండా దగ్గరికి పోకూడదు. అంతా చెప్పి, పోతూ పోతూ మా పంపు దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఈస్టరే అయినా, చర్చిలో వాక్యం ఒక్కటీ నా చెవిన పడలేదు. ఏ పిల్ల తుమ్మినా, ఏ పిల్లవాడు దగ్గినా నా మెడ అటు తిరిగింది. విషయం తెలిసిన తల్లులు నన్ను చూశారు. నా పక్కన చాప ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చేసరికి దొడ్డి చివర జేసీబీ తవ్వుతోంది. పక్క చేలో జామాయిల్ మొద్దులు పీకడానికి వచ్చిందట, ఈయన పిలిచాడట. నిలువెత్తు మనిషి దిగితే కనబడనంత గొయ్యి. పక్కన ఎర్రమట్టి కుప్ప. దాని పక్కనే మా గుర్రం గడ్డి మేస్తోంది.

"గిదేందయ్యా?"

"డాక్టర్ చెప్పిండు గదనే. మళ్ల జేసీబీ జల్దీ దొరకదు. ఏదొచ్చినా తయారుగుండాలె."

"బతికున్నదానికి గొయ్యి తీస్తవా? రేపు నాకు జరమొస్తే పెట్టె గూడ తెప్పిచ్చి వాకిట్ల పెడతవా?"

ఆయన జేసీబీకి ఇంకొంచెం లోతుకు పొమ్మని చెయ్యి ఊపాడు. గుర్రమంటే ఆయనకు ప్రేమ లేదని కాదు. భయమేస్తే ఆయన ఏదో ఒక పని చేస్తాడు, నేను అరుస్తాను. మా కాపురమంతా అంతే.

మా అత్తమ్మ మాత్రం అరవలేదు. గట్టు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తవ్విన గొయ్యి ఖాళీగ ఉండొద్దు నాయనా. ఎవరికో ఒకరికి నోరు తెరుసుకొని ఉంటది. ఓ అరటిబోదె అన్న పెట్టి పూడిపియ్యి" అంది. "ప్రార్థన చేసుకునేటోళ్లం, మనకేందమ్మా ఇసొంటియి" అన్నాడాయన. "ప్రార్థన ప్రార్థనే, గొయ్యి గొయ్యే" అందామె.

గుర్రానికి ఆ కుప్ప తెగ నచ్చింది. మెత్తటి మట్టి కదా, పొద్దున్నే పోయి అందులో పడుకుని, నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి, ఇటూ అటూ పొర్లేది. లేచి ఒళ్లంతా దులుపుకుంటే తెల్లగుర్రం కాస్తా ఎర్రగుర్రమయ్యేది. సవారీ లేని రోజుల్లో దానికి మిగిలిన సంబరం అదొక్కటే. నవ్వొచ్చేది నాకు, ఆ వెంటనే ఏడుపొచ్చేది. పొర్లి నా దగ్గరికొస్తే మునుపు దాని కళ్లు చూసేదాన్ని, ఇప్పుడు ముక్కు చూస్తున్నాను. గ్లౌజు చెయ్యి చాస్తే వాసన చూసి మొహం తిప్పేసుకునేది. రబ్బరు చెయ్యి నాదని అదెందుకు ఒప్పుకుంటుంది?

గొయ్యికి అడ్డం కట్టమని పోరుపెడితే, ఆయన టెంట్ హౌస్ కర్రలు నాలుగు పాతి చుట్టూ గుడ్డ కట్టాడు. చేతికి దొరికింది పెళ్లిపందిరికి కట్టే గులాబీరంగు కుచ్చుల గుడ్డ. ఎండలో అది మిలమిలా మెరుస్తుంటే నాకు అటు చూడబుద్ధి కాలేదు. ఒక సాయంత్రం గాలివాన వచ్చి గుడ్డను పక్క చేలోకి ఎగరేసుకుపోయింది. కర్రలు ఒరిగాయి. గొయ్యి అంచులు పెళ్లలు పెళ్లలుగా లోపలికి విరిగాయి.

మర్నాడు ఫోన్ మోగింది. "ఏం లేదమ్మా. మీ గుర్రం మంచిగుంది" అన్నాడు డాక్టర్. నేను గ్లౌజులు పీకి అవతల పారేసి, మాస్కు లాగేసి, దాని ముక్కుకు నా చెంప ఆనించి బిగ్గరగా ఏడ్చాను. సిగ్గేంది? ఈయన మిఠాయిలు తెచ్చి, నా పక్కన కూర్చోవడం మానేసిన వాళ్లందరికీ తనే పంచిపెట్టాడు. జేసీబీ అతనికి ఫోన్ చేస్తే, దమ్మపేట పక్క పామాయిల్ తోటల్లో పనిలో ఉన్నానని, అయిపోగానే వచ్చి పూడుస్తానని అన్నాడు. "మట్టి గాడనే ఉంది గద, యాడికి పోతది" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ఊరుకోలేదు. పెరట్లోంచి అరటిబోదె ఒకటి నరికి, ఆ వయసులో తనే ఈడ్చుకుంటూ గొయ్యి వైపు బయల్దేరింది. ఆయన నవ్వుతూ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని ముక్కలు చేసి గుర్రానికే వేశాడు. అది కరకరా నమిలి తినేసింది. అత్తమ్మ ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

తెల్లారి జీను వేశాను. ఎంతకాలమయిందో! కరకట్ట ఎక్కగానే నేను అదిలించకముందే దౌడు తీసింది. వానకు తడిసిన గట్టు, ఏటి గాలి, నా మొహానికి కొట్టుకునే జూలు. టీకొట్టు పెద్దమనిషి లేచి నిలబడి "రాణిగారూ, మళ్ల వచ్చినవా!" అని కేకేశాడు. అంత సంతోషం నేను తట్టుకోగలనా అనిపించింది.

ఇంటికొచ్చి జీను దించాను. సవారీ అయ్యాక, చెమట ఒంటితో పొర్లడం గుర్రాలకు అలవాటు. అది ఉత్సాహంగా ఎర్రమట్టి కుప్ప వైపు నడిచింది. నేను జీనును షెడ్‌లో కర్రకు వేలాడదీస్తున్నాను. వెనకనుంచి మట్టి జారిన చప్పుడు, ఆ తర్వాత బరువుగా ఏదో పడిన చప్పుడు. సకిలింపు కూడా లేదు.

గొయ్యి అడుగున పక్కకు ఒరిగి పడుంది. ముందుకాలు ఒకటి మోకాలి కింద వేలాడుతోంది. నన్ను చూడగానే చెవులు ముందుకు నిక్కబెట్టింది.

డాక్టర్ అదే సంచితో వచ్చాడు. "జేసీబీ ఎక్కడున్నా రప్పిస్త సార్, ఎట్లనన్న పైకి తీద్దాం" అంటున్నాడు మా ఆయన, మట్టి కుప్ప మీద కూలబడి. డాక్టర్ టెంట్ హౌస్ నిచ్చెన వేయించుకుని లోపలికి దిగి కాలు చూశాడు, దాన్ని నిమిరాడు, తలెత్తి నన్ను చూశాడు. "గుర్రానికి ఇరిగిన కాలు అతకదు. పైకి తీసే పని లేదమ్మా" అన్నాడు.

అదే నిచ్చెన మీద నేనూ దిగాను. దాని తల ఒళ్లో పెట్టుకున్నాను. వట్టి చేతిని వాసన చూసింది, గుర్తుపట్టింది, అరచేతిలో పెదాలతో వెతికింది. "ఉలవలు తేయ్యా!" అని పైకి అరిచాను. ఆయన గిన్నెతో పరిగెత్తుకొచ్చి అంచున పడుకుని అందించాడు. గుర్రం మెల్లగా నాలుగు గింజలు నమిలింది. అది నమలడం అయ్యేదాకా డాక్టర్ సూది బయటికి తీయలేదు.