సమ్మెకాలంలో అమ్మ గాలం పట్టింది

మా అమ్మ చేపలు తినదు. మా బాపు చనిపోయిన ఏడాది చిల్పూరు బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని నీసు ముట్టడం మానేసింది. శనివారం వస్తే ఒక్కపొద్దు. పక్కింట్లో చేపల పులుసు మరిగితే మా కిటికీ తలుపులు ధడాల్న పడేవి. అట్లాంటి మనిషి వెదురు బొంగు భుజాన వేసుకుని, చెరువు కట్ట మీద గాలం వేసిందని చెబితే మా అత్తగారింట్లో ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే నాకేం పోయింది? ఎర డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నేను జనగామలో టీచర్ని. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో గేటు దాటలేదు. పొద్దున రాస్తారోకో, మధ్యాహ్నం రోడ్డు మీదే వంటావార్పు. హైదరాబాద్ రోడ్డు నడిమధ్యన పొయ్యి పెట్టి మా స్టాఫంతా పప్పుచారు కాచి, మమ్మల్ని లేపడానికొచ్చిన పోలీసులకే వడ్డించాం. అరవడమంటే నాకు మొదట్నుంచీ ఇష్టం. బళ్లో పిల్లల మీద అరిచిన గొంతు, రోడ్డు మీద నినాదాలకు బాగా పనికొచ్చింది. ఆ సందట్లో అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, ఒకసారి రా. తమ్ముడొచ్చిండు" అంది. అంతే, ఇంకో ముక్క లేదు. మా అమ్మ తక్కువ మాట్లాడిందంటే కొంప మునిగినట్టే లెక్క. దొరికిన జీపు, దొరికిన ఆటో ఎక్కి, ఆఖరికి తెలిసినాయన బండి వెనక కూర్చుని, పొద్దు గూకే వేళకు రేగొండ దగ్గరి మా ఊరు చేరాను.

తమ్ముడు హైదరాబాదులో చదువుతుండేవాడు. ఉద్యమంలో ముందు వరసలో నడిచినవాడు. వాడితో ఒకే గదిలో ఉండే దోస్తు, మానుకోట దగ్గరి తండా పిల్లాడు, తెలంగాణ ఇక రాదేమోనన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. తమ్ముడు శవం వెంట ఆ తండాకు పోయి, అక్కణ్నుంచి నేరుగా ఇంటికొచ్చి, అరుగు మీది మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు. పళ్లెం పెడితే సగం తిని పక్కకు నెడతాడు. వరంగల్ దవాఖానలో చూపిద్దాం పద అంటే, "నాకేమైంది?" అని మళ్లీ నోరు మూసుకున్నాడు. ఆ రోజుల్లో పేపరు తెరవాలంటే భయంగా ఉండేది, అన్నీ ఆ ఈడు పిల్లల ఫొటోలే. వీడు కూడా దోస్తు దారే పడతాడేమోనని నాకూ అమ్మకూ గుండెల్లో రాయి. పత్తికి కొట్టే మందు డబ్బాలన్నీ అమ్మ అప్పటికే పక్కింటి కొట్టంలోకి మార్చేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. మా కొట్టంలో ఆ మూల ఖాళీగా కనిపిస్తే నాకే అర్థమైంది.

నేను వెళ్లిన మర్నాడు పొద్దున అమ్మ పీట ఎక్కి, చూరులో దోపి ఉన్న బొంగును దించింది. అది తమ్ముడి గాలపు బొంగు. చిన్నప్పుడు వాడికి గాలమంటే పిచ్చి, బడి కంటే చెరువులోనే ఎక్కువ హాజరు. ఆ బొంగును విరిచి పొయ్యిలో పెడతానని అమ్మ ఎన్నిసార్లు మీదికి పోయిందో! ఇప్పుడదే బొంగును కొంగుతో తుడిచి, మంచం పక్కన నిలబడి, "నాకు గాలమేసుడు నేర్పురా" అంది.

వాడు ఇటు తిరగలేదు.

"మంచిది తియ్. నేనే పోత" అంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అమ్మా? తినని చాపకు గాలమేంది?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకొని డబ్బా పట్టు" అంది.

మా ఇల్లు చెరువు కట్టకు ఎదురుగానే ఉంటుంది. అరుగు మీది మంచం కట్ట మీంచి కనిపిస్తుంది, కట్ట మీది మనిషి అరుగు మీంచి కనిపిస్తుంది. అమ్మ కావాలనే సరిగ్గా అక్కడ కూలబడింది. ముందు బొంగుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త చాటైనా, కొత్త నాగలైనా, ట్రాక్టరైనా బొట్టు పెట్టకుండా మా ఇళ్లల్లో పని మొదలుకాదు. సరే, బొంగుతో ఊరుకుందా? గాలం ముల్లుకు కూడా పెట్టబోయి వేలికి గుచ్చుకుంది. "గంగమ్మ తల్లీ, తప్పయితే కాయి" అని ఆ రక్తం వేలితోనే దండం పెట్టింది. నేను తీసుకుపోయిన వానపాములను చూసి ఛీ అంది. జొన్నపిండి ముద్ద గుచ్చి వేసింది. అది నీళ్లు తగలగానే కరిగిపోయింది. ఉత్త ముల్లును చెరువులో పెట్టుకుని పొద్దెక్కేదాకా కూర్చుంది మహాతల్లి! తర్వాత బొంగును వెనక్కి ఊపి వేయబోతే పోయి తుమ్మకొమ్మకు పట్టుకుంది. ఆ కొమ్మను కూడా "పడ్డది, పడ్డది" అని గుంజింది.

మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి, "ఏంది పటేలమ్మా, ఒక్కపొద్దుల దానివి చాపల మీద పడ్డవ్?" అని నవ్వాడు.

"ఒక్కపొద్దు నాకే గద తాతా. చాపలకు లేదు గద. అయి తినాలె గద" అంది అమ్మ.

ఆయన నవ్వుకుంటూ పోయాడు. ఊళ్లో ఆ రోజంతా అదే ముచ్చట. మా చిన్నాయన ఇంటికొచ్చి, మంచి మంచి ఇళ్ల ఆడవాళ్లు గట్ల మీద కూర్చుంటే ఇజ్జత్ ఏం కావాలని గునిశాడు. అమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి పంపింది, మర్నాడు మళ్లీ బొంగు ఎత్తుకుంది. ఇజ్జత్ గురించి పట్టింపు లేని మనిషి కాదు మా అమ్మ. తల మీది కొంగు జారితే నన్ను ఊరంతా వినేట్టు తిట్టేది. ఆ మనిషే ఊరి నవ్వును అంత తేలిగ్గా మోసింది.

ఇంకో తమాషా చెప్పాలి. గాలం నీళ్లవైపు, అమ్మ మొహం ఇంటివైపు. బెండు మునిగినా ఆమెకు తెలిసేది కాదు. బెండంటే నీళ్ల మీద తేలుతూ, చేప ఎరను పట్టగానే మునిగి చెప్పే చిన్న ముక్క. గాలం వేసేవాడు చూడాల్సిందల్లా దాన్నే. అమ్మ దాన్ని తప్ప అన్నీ చూసింది. రెండు మూడు రోజులు పోయాక నేనొకటి గమనించాను. తమ్ముడు గోడవైపు కాకుండా ఇటువైపు తిరిగి పడుకుంటున్నాడు. నేను అమ్మ చెవిలో చెబితే, "సూడకు. సూసినట్టు చెయ్యకు" అంది, తను మాత్రం రెప్ప వేయకుండా చూస్తూ.

ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ లేచి నిలబడి, కాళ్లు దబదబా కొడుతూ అంచు వెంట అటూ ఇటూ తిరుగుతుంటే వెనకనుంచి గొంతు వినపడింది.

"అట్ల కాదే అమ్మా! నీ నీడ నీళ్లల్ల పడుతున్నది. చాపకు కండ్లు లెవ్వనుకున్నవా? గా దబదబ సప్పుడుకు చెరువుల ఉన్నయన్నీ పాకాల చెరువుకు పోతయ్."

తమ్ముడు. చెప్పులు కూడా లేకుండా వచ్చేశాడు. నేను డబ్బా జారవిడిచాను, వానపాములన్నీ గడ్డిలో పడ్డాయి. అమ్మ మాత్రం వెనక్కి తిరగకుండానే, "మరి ఎట్లరా?" అంది. ఆ నిబ్బరం నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

ఆ రోజు నుంచి పాఠాలు మొదలు. పొద్దుకు ఎదురుగా కూర్చోవాలి, అప్పుడు నీడ వెనక పడుతుంది. అంచుకు వచ్చేముందే ఆగి, నీళ్లు చూసి, ఆ తర్వాత మెల్లగా అడుగేయాలి. చేప ఎక్కడో చెరువు నడుమ ఉందనుకుని దూరం విసిరేది కొత్తవాళ్లే, అది మన కాళ్ల దగ్గర తుంగలోనే ఉంటుంది. వాడు పొడి పొడి మాటల్లో చెప్పేవాడు. అమ్మ ప్రతిదీ మళ్లీ మళ్లీ అడిగేది. చెప్పింది చెప్పినట్టు చేసేది కాదు. చేయకపోతే వాడు విసుక్కుని బొంగు లాక్కుని చూపించేవాడు. కావాలని తప్పులు చేసేదో, నిజంగా చేతకాలేదో నాకు ఇప్పటికీ తేలలేదు. అడిగితే "పోవే" అంటుంది.

వాడికి కొర్రమట్ట పట్టాలని ఉండేది. మిగతా చేపల్లా అది పిండికి రాదు, కప్ప కావాలి. తుంగ పక్కన కప్పను నీళ్ల మీద చిన్నగా ఎగిరిస్తూ పోతే కొర్రమట్ట కిందినుంచి వచ్చి దబ్బున పట్టుకుంటుంది. పట్టగానే గుంజితే కప్ప మాత్రమే వస్తుంది. మింగేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి. కప్పను ముల్లుకు గుచ్చేటప్పుడు అమ్మ అటు తిరిగి, "నీకు వచ్చే జల్మల మంచి జరుగుతది తియ్" అని దానికి చెప్పేది. తమ్ముడి పెదాలు కొంచెం కదిలాయి. అది నవ్వేనని నేను ఒట్టేసి చెప్పగలను.

మొదటి కొర్రమట్ట వాడే పట్టాడు. చేతి పొడవుంది, నల్లగా నిగనిగలాడుతూ, ఒడ్డున వేసినా పాముకుంటూ నీళ్లవైపు పోబోయింది. ఆ సాయంత్రం అమ్మ ఏం చేసిందో చెబితే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. బూడిద పెట్టి చేపను తోమి, తనే కోసి, చింతపండు పిసికి, మెంతిపొడి వేసి పులుసు పెట్టింది. ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని పెట్టింది. ఉప్పు సరిపోయిందా లేదా రుచి చూసే వీల్లేదు కనుక నన్ను చూడమంది. తమ్ముడు మొదటిసారి పళ్లెం ఖాళీ చేసి, "ఇంకింత ఉన్నదా?" అన్నాడు. అమ్మ గిన్నె తెచ్చే నెపంతో లోపలికి పోయింది, నేను నీళ్ల నెపంతో వెనకే పోయాను. ఇద్దరం పొయ్యి దగ్గర చప్పుడు రాకుండా ఏడ్చాం.

బాగుపడ్డాడని నేను సంబరపడ్డాను. అమ్మ పడలేదు. మందు డబ్బాలు పక్కింట్లోనే ఉంచింది. మర్నాడూ, ఆ మర్నాడూ, ముసురు పట్టిన రోజూ బొంగు ఎత్తుకుంది. అదుగో, ఆ ముసురు రోజే జరిగింది.

కట్ట లోపలివైపు పరిచిన రాళ్లన్నీ పాకురు పట్టి ఉన్నాయి. అమ్మ కప్పను తుంగ పక్కన ఆడిస్తుంటే నీళ్లు ఒక్కసారి పగిలినట్టయింది. బొంగు విల్లులా వంగింది.

"గుంజకే! మింగనియ్... జర ఆగు... ఆఁ, ఇప్పుడు గుంజు!" అని తమ్ముడు అరిచాడు.

అమ్మ రెండు చేతులతో గుంజింది. అటునుంచి అది గుంజింది. బొంగు వదిలేస్తే పోయేది. వదల్లేదు. కాలు జారింది. ఒక్క చప్పుడు, ఆ తర్వాత నీళ్ల మీద ఉబ్బిన చీర కొంగు మాత్రమే కనిపించింది. జనగామ రోడ్డంతా దద్దరిల్లేట్టు నినాదాలిచ్చిన నాకు, ఒక్క కేక పెగల్లేదు. తమ్ముడు దూకాడు. కొప్పు దొరకబుచ్చుకుని, రెక్క పట్టి, రాళ్ల మీంచి ఈడ్చుకొచ్చి గడ్డిలో వేశాడు. అమ్మ దగ్గి, నీళ్లు కక్కి, లేచి కూర్చుంది. బొంగూ చేపా రెండూ చెరువులోకి పోయాయి.

వాడికి భయమో కోపమో, ఊరంతా వినేట్టు అరిచాడు. "సస్తవా ఏందే! ఈత రానిదానివి గంత అంచుకు పోతవా? సస్తే ఎట్ల?"

మా ఇళ్లల్లో ఆ మాట లేకుండా పొద్దు గడవదు. "సచ్చినోడా, బువ్వ తిను", "నన్ను సంపకురా" అనడమే మా అమ్మ ముద్దు. తమ్ముడు తండానుంచి వచ్చిన రోజు నుంచి మాత్రం ఆ మాట ఆమె నోట ఒక్కసారి రాలేదు. నేను పొరపాటున "ఈ ఉక్కకు సచ్చిపోతున్న" అంటే నా తొడ పట్టి గిల్లింది. ఆ మాట ఇప్పుడు వాడి నోటే వచ్చింది.

"గా మాట నేను నిన్ను అడగాలె బిడ్డా" అంది అమ్మ.

వాడు నిలబడ్డ చోటే కూర్చుండిపోయాడు.

"దినాం అడగాలనే ఉన్నది. నోరు రాలె. నాకు చాపలెందుకురా? నువ్వు నా కండ్ల ముంగట ఉండాలె. గందుకే వచ్చిన."

"నాకెరుకనే" అన్నాడు వాడు. "మొదటి దినమే ఎరుక."

"ఎరుకుంటే మరి ఎందుకొచ్చినవ్?"

వాడు చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. "గోడ దిక్కు తిరిగి పండుకుంటే నువ్వు కనవడకపోయేది. నీకు ఈత రాదాయె. నీళ్లల్ల పడితే ఎవలు తీస్తరు, అక్క తీస్తదా? ఆమెకు ఒర్రుడు తప్ప ఏమొస్తది? గందుకని ఇటు తిరిగిన. పండుకునేటప్పుడు దినాం గదే అనుకున్న. రేపు గూడ ఈమె పోతది, రేపటి దాక ఉండాలె అని."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అమ్మ ఏడవలేదు. చలికి కొట్టుకుంటున్న పళ్లతోనే ముందుకు వంగి, వాడి రెండు చెంపలూ తడి చేతులతో పట్టుకుంది.

"అయితే ఇనురా. నేను ఈత నేర్చుకోను. నువ్వు ముసలోనివి అయ్యేదాక నేర్చుకోను" అంది.