లేని గల్లీలో యాదగిరి కాకతో

ఈ పొద్దున ఆఫీసులో పాత మ్యాపుల చుట్ట ఒకటి విప్పగానే అమోనియా వాసన గుప్పున ముక్కుకు తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ప్రింట్లు తీసేది అమోనియాతోనే, ఎన్నాళ్లయినా ఆ ఘాటు పోదు. కళ్లు తుడుచుకుంటుంటే మేనేజరు పిలిచి చేతిలో కవరు పెట్టాడు. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు, ఇట్లాంటి కవరు అందుకున్నదాన్నీ నేనే మొదలు. కదిరిలో వేరుశనక్కాయల మిల్లులో మూటలు మోసే మా నాయనకు పక్కింటి ఫోన్లో చెప్పాను. "వీధంతా చెప్పొస్తా ఉండు" అని ఇంకో మాట వినకుండా పెట్టేశాడు. అమీర్‌పేట హాస్టల్లో అందరికీ చెప్పాను, బస్సు కండక్టరుకు కూడా చెప్పాను. ముందు చెప్పాల్సిన మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆయన పేరు యాదగిరి.

మా ఆఫీసు మాదాపూర్‌లో, కొత్తగా లేచిన గుండ్రటి మేడకు కాస్త అవతల ఉన్న రెండంతస్తుల ఇల్లు. పాత నగరం మ్యాపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. కాయితాన్ని బల్ల మీద పరిచి గీతల వెంట మౌసు లాంటి దానితో నొక్కుకుంటూ పోతే తెర మీద వీధి పడుతుంది. ఆ వీధి నిజంగా ఉందో లేదో ప్రింటు పట్టుకుని పోయి చూసి రావడం యాదగిరి పని. సర్వే శాఖలో ముప్పై ఏళ్లు చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చైన్‌మన్ అంటే భూమి కొలిచే ఇనుప గొలుసు పట్టుకుని నడిచే మనిషి. లేని వీధి కనిపిస్తే ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత కొట్టేవాడు. మొదటిరోజు నేను సార్ అంటే, "సార్లు కుర్చీల కూసుంటరు బిడ్డా. నేను నడిచేటోణ్ణి. కాకా అను, సాలు" అన్నాడు.

ఆఫీసు వెనక రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య సందులో ఎండాకాలం కూడా చల్లటి గాలి వచ్చేది. చిన్నప్పుడు కాక మేకల్ని కాసింది అక్కడేనట. మధ్యాహ్నం క్యారేజీలు అక్కడే విప్పేవాళ్లం. నా ప్రొబేషన్ ఆరు నెలలు, అప్పటికి ఐదో నెల నడుస్తోంది. రెండు తప్పులు దొరికాయి, మూడోది దొరికితే ఇంటికి పోవచ్చని మేనేజరు చెప్పేశాడు. ఒకరోజు కాక అన్నం ముట్టుకోకుండా ప్రింటు పరిచి, హుస్సేనీ ఆలం దగ్గర వేలు పెట్టాడు.

"ఈ గల్లీ నువ్వు గీసినవా?"

"మ్యాపులో ఉంది కాకా."

"ముప్పై ఏండ్లు తిరిగిన. గిది నాకెన్నడు తగల్లే."

లోపలికి పోయి పాత షీటు తెచ్చి ఎండకు ఎత్తి పట్టాడు. అది గల్లీ కాదు, కాయితం మడత. ఏళ్లతరబడి మడిచి పెట్టిన చోట నల్లటి గీత పడితే, నేను దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎంతో శ్రద్ధగా వీధిని చేశాను. కాక తిట్టలేదు. "ఐతారం రా. నీ గల్లీల నడుద్దాం" అన్నాడు.

ఆ ఆదివారం చార్మినార్ దగ్గర దిగి, ప్రింటు చూసుకుంటూ నా గల్లీ మొదలయ్యే చోటికి చేరాం. అక్కడ ఒక గోడ, గోడలో ఒక తలుపు. కాక తలుపు కొట్టి, "ఆపా, జర నీళ్లిస్తరా" అని అక్కను పిలిచినట్టు కేకేశాడు. అద్దాలు సవరించుకుంటూ ఒక ముసలామె తలుపు తీసింది.

"యాదగిరీ, ఇన్నేండ్లకు దూప అయిందా నీకు?"

"ఈ పిల్ల మీ ఇంట్లకెల్లి రోడ్డు ఏసింది ఆపా."

ఆమె ప్రింటు తీసుకుని చాలాసేపు చూసింది. "ఈ రోడ్డు నా కోడలు పొయ్యి మీదికెల్లి పోయింది కదా బేటీ. బస్సు కూడా వస్తదా?"

సిగ్గుతో తల వంచుకునే లోపలికి వెళ్లాను. వంటిల్లు దాటితే ఎనిమిది రాతిమెట్లు, కింద చిన్న బావి, చుట్టూ కమాన్లు, కమాన్లలో పావురాలు. మూడిళ్ల ఆడవాళ్లు అక్కడే బియ్యం కడుగుతూ ముచ్చట్లాడుకుంటున్నారు. బజారు హారన్లు ఒక్కటీ వినిపించలేదు. నాకు అప్పటిదాకా హైదరాబాదంటే బస్సులూ హాస్టలూ బిర్యానీ బోర్డులూ. కాక మెట్టు మీద కూర్చుని గ్లాసు ఖాళీ చేసి అన్నాడు. "సర్వేయర్లకు గీతలు ఎరుక. గొలుసు మోసేటోనికి దూపయితది, నీళ్లు యాడ దొరుకుతయో ఎరుక. చూడనీకి ఏమున్నయని అడిగితే నిన్ను చార్మినార్‌కు తోలుతరు. నీళ్లడుగు. తలుపు తీస్తరు."

తిరుగు బస్సులో ధైర్యం తెచ్చుకున్నాను. "కాకా, ఆ గీత నేనే చెరిపేస్తా. మేనేజరుకు చెప్పొద్దు."

ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు. "నువ్వే కొట్టు. కొట్టి నువ్వే చూపెట్టు."

"నా ఉద్యోగం పోతుంది కాకా."

"పోతే పోవచ్చు. రేపు ఆపా ఇల్లు అంటుకుంటే ఫైరింజన్ నీ గల్లీ ఉందనుకొని వచ్చి గోడకాడ నిలవడ్తది. నువ్వు ఒక్కటి చెరుపుతవు. ఇంకెందరు మడతలు గీసిండ్రో?"

సోమవారం చూపించాను. మా నాయనకు ఫోన్లో ఏం చెప్పాలో ముందే అనుకుని మరీ వెళ్లాను. మేనేజరు పాత షీటు తెప్పించి ఆ మడత తానే చూశాడు. తర్వాత అందరి షీట్లూ తిరిగి చూడమన్నాడు. దాదాపు అందరం మడతలు గీశాం. నన్ను పంపేయలేదు గానీ ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించాడు. ఆ ఏడాదిలో చాలా ఆదివారాలు కాక వెంట తిరిగాను. దూద్‌బౌలిలో ఒక మిద్దె ఉంది, అక్కడి నుంచి చార్మినార్‌కు ఒక్క మినారే కనిపిస్తుంది. కార్వాన్‌లో ఒకప్పుడు బాటసారులు దిగిన పాత సరాయి అరుగు మీద మధ్యాహ్నం పూట పూలు కడతారు. ఇవేవీ ఏ మ్యాపులోనూ లేవు. ఎక్కిద్దామా అని అడిగితే, "వాళ్ల ఇల్లు బిడ్డా, మనమెవలం" అన్నాడు.

నాలుగు నెలల కిందట ఆయన కళ్లకు పొర కమ్మింది. సన్నగీతలు ఆనడం లేదని తానే పని మానుకుని, సిద్దిపేట అవతల కూతురింటికి పోయాడు. వెళ్లే రోజు అడ్రస్ అడిగితే, "చేర్యాల బస్సెక్కు. కూలిపోయిన దొర గడీ కాడ దిగి కుడికి మళ్లు. మగ్గం సప్పుడొచ్చే ఇల్లు గాదు, దాని ఎనక ఇల్లు" అన్నాడు. ఊరి పేరు చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు. ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను, కవరు మీద ఏం రాయాలో తెలియలేదు. ఆదివారాలు పాత నగరానికి పోతాను గానీ పక్కన ఎవరూ లేకుండా నడక తొందరగా అయిపోతుంది.

ఈ ఆదివారం సిద్దిపేట బస్సెక్కుతున్నాను, అక్కడ చేర్యాల బస్సు మారి గడీ కాడ దిగుతాను. ఆయన కళ్లకు నేను రాస్తున్న ఈ కాయితం ఆనదు, నేనే చదివి వినిపించాలి. జీతం సంగతి ఆయన అడగడు. ఈ నెల నీ షీట్లల్ల ఎన్ని అడ్డగీతలు పడ్డయని అడుగుతాడు. నాలుగు పడ్డాయి కాకా. నాలుగూ నేనే కొట్టుకున్నాను.