ఇరవై ఎనిమిది పేర్లు, పంతొమ్మిది మంది

పదకొండేళ్లలో పోయినవి ఇవి. వారానికొకటి చొప్పున ఐదు వందల డెబ్బై రెండు సెలవు రోజులు. దసరా, దీపావళి, ఉగాది కలిపి ఇంట్లో కూర్చుని తినని పండుగ భోజనాలు ముప్పై మూడు. కూతురు పుట్టిన పూట ఒకటి. ఆ పిల్ల కాలికి కొత్త బూటు కొలత ఇవ్వడానికి హైదరాబాదు దవాఖానకు పోవలసిన తేదీలు రెండు.

సిద్దిపేటలో మా ఇంటి ముందరి గదిలో కిరాయికుండే కానిస్టేబుల్ లెక్క ఇది. ఎనభైల చివర్లో అతను ఒక్కో మాటగా చెబుతుంటే పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాను. సెలవు చీటీ రాసి తీసుకున్న రోజులను ఇందులో కలపలేదు. నేను బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని. చదివింది ఏడో తరగతి. భిన్నాలు, వాటాలు సొంతంగా నేర్చుకున్నవే.

అతని కూతురికి ఏడేళ్లు. పోలియోతో కుడికాలు సన్నబడింది. ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని నడిచేది. పిల్ల పెరిగింది, బూటు పెరగలేదు. వేళ్లు ముడుచుకుని లోపలికి దూర్చి, గేటు దాకా పోవడానికి రెండుసార్లు ఆగేది. దవాఖానలో బూటు ఉచితమే, కానీ గురువారం నాడే ఇస్తారు. ఉద్యోగి తన కార్డుతో స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. తల్లి ఒక్కతే పోతే కుదరదు. అతనికి కావలసింది ఒక్క గురువారం.

ఊళ్లో అతనంటే భయం. ఒకసారి బస్టాండు దగ్గర అరటిపండ్ల బండి ఆమె మీద చెయ్యి ఎత్తాడు. ఆ సాయంత్రం మా అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "ముప్పై ఆరు గంటలాయె అన్నా, కన్ను మూయక. గామె మా అవ్వ ఈడుది" అన్నాడు. చేసింది తప్పేనని నేను అనుకున్నాను. ముప్పై ఆరు అన్న అంకెను కూడా మరిచిపోలేకపోయాను.

అప్పుడే కొత్త డీఎస్పీ వచ్చాడు. కుర్రవాడు, బయటి దేశాల్లో శిక్షణ పొంది వచ్చినవాడు. ఒక పొద్దున మా కానిస్టేబుల్ దుకాణానికి వచ్చి, "మా సారు పిలుస్తుండు అన్నా. బయపడకు, లోపటెయ్యడు" అన్నాడు. స్టేషన్‌లో ఇంత లెక్క వేయగలిగినవాడు లేడని, నా పేరు తనే చెప్పాడట.

డీఎస్పీ నాకు కుర్చీ వేయించాడు. "ఇంగ్లండులో చూశానండీ. స్టేషన్ గోడ మీద నెల ముందే డ్యూటీ పట్టిక ఉంటుంది. మనిషికి ఎనిమిది గంటలే. జపాన్‌లో వీధి మలుపులో చిన్న గది, అందులో పోలీసు. అడ్రసు తెలియకపోతే జనం ముందు అతని దగ్గరికే వెళతారు" అన్నాడు.

వెనక నిలబడ్డ మావాడు ఊరుకోలేదు. "మనతాన గూడ అడుగుతరు సార్, పోలీసోడు ఏ గల్లీల ఉన్నడని. గా గల్లీ తప్పించి పోనీకి."

డీఎస్పీ నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, నా చేతికి హాజరు పట్టీ ఇచ్చాడు. ఇరవై ఎనిమిది పేర్లు.

ఆ అంకె చూసి నా మనసు పొంగింది. ఇరవై ఎనిమిదిని ఏడుతో భాగిస్తే నాలుగు. రోజుకు నలుగురికి సెలవు. మిగిలిన ఇరవై నలుగురిని ఎనిమిది గంటల పూటలు మూడింటికి పంచితే ఎనిమిదేసి మంది. శేషం సున్నా. బట్టల తానులో వచ్చే అట్ట మీద గీతలు గీసి, పట్టిక రాసి గోడకు తగిలించాను. మావాడి పేరు గురువారం గడిలో పడింది.

మొదటి గురువారం తండ్రీకూతుళ్లు హైదరాబాదు పోయి కొలత ఇచ్చి వచ్చారు. బూటు తయారయ్యేది ఆరో గురువారానికి. ఈలోగా అతని ముఖం మారింది. అరటిపండ్ల ఆమెతో, "అవ్వా, బండి జర గిటు జరుపు" అంటుంటే నా చెవులతో విన్నాను. ఆమె అనుమానంగా చూస్తూనే జరిపింది.

నాలుగో వారం పట్టిక చూసుకుందామని స్టేషన్‌కు పోయాను. ఆ పూటకు ఎనిమిది పేర్లున్నాయి. మనుషులను లెక్కపెట్టాను. ఐదుగురు.

గేటు దగ్గర ఉద్యోగ విరమణకు దగ్గరపడిన పెద్ద కానిస్టేబుల్ తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లు వాచి బూట్ల లేసులు వదులు చేసుకున్నాడు. "మిగతా ముగ్గురేరి?" అని అడిగాను.

"గా పేర్లా? గాళ్లు గీడెప్పుడున్నరు సారూ! ఒకడు పెద్దసార్ల పిల్లలను బడికి తోల్కపోతడు, ఒకడు పాలు తెస్తడు, ఇంకోడు మొక్కలకు నీళ్లు వోస్తడు. అందరు కలిసి తొమ్మిది మంది. సంతకాలు మాత్రం గీడనే."

ఉన్నది పంతొమ్మిది మంది. ఆ ముసలాయన రెండు పూటల పని ఒక్కడే చేస్తున్నాడు.

ఇంటికొచ్చి మావాడిని నిలదీశాను. "నీకు తెల్వదా?"

"ఎర్కే అన్నా. చెప్తే నువ్వు లెక్క ఆపేస్తవ్. నాకు బేస్తారం పోతది."

అతని బేస్తారం నా పట్టికలోని గురువారమే. పేర్లను మనుషులనుకున్నది నేను. దుకాణంలో తాను విప్పి కొలవనిదే మీటర్లు రాయను. ఇక్కడ శేషం సున్నా రాగానే విప్పి చూడడం మరిచిపోయాను.

మరునాడు డీఎస్పీతో చెప్పాను. ఆయన హాజరు పట్టీ తెప్పించుకుని పేర్ల మీద వేలు పెట్టి చూశాడు. "ఆ తొమ్మిదిలో ఇద్దరు మా ఇంట్లోనే ఉన్నారండీ. ఇంటి మనుషుల్లా అలవాటైపోయారు. పట్టీలో ఉన్నారన్న సంగతే తట్టలేదు. అక్కడి నుంచి పట్టిక తెచ్చాను గానీ, అక్కడ ఏ అధికారి ఇంట్లోనైనా ఇలా ఉంటారా అని అడగనేలేదు" అన్నాడు. ఆ పూటే ఇద్దరినీ స్టేషన్‌కు పంపాడు. మిగతా ఏడుగురు ఆయన పైవాళ్ల ఇళ్లలో ఉన్నారు. వాళ్లను అడగడానికి ఉత్తరం రాశాడు.

ఇరవై ఒకటి. ఏడుతో భాగిస్తే మూడు, మిగిలిన పద్దెనిమిదిలో పూటకు ఆరుగురు. మళ్లీ శేషం సున్నా. ఈసారి మనుషులను ఒక్కొక్కరినీ చూసి మరీ రాశాను. ఆ అట్ట పట్టుకుని పోయేసరికి డీఎస్పీ సామాను సర్దుకుంటున్నాడు. బదిలీ. కొత్తగా వచ్చినాయన, మంత్రి పర్యటన బందోబస్తు ఉందని, గోడ మీది పట్టిక తీయించాడు. ఐదు గురువారాలు పూర్తయ్యాయి. బూటు ఆరో దానికి.

బుధవారం సాయంత్రం మావాడి భార్య బస్సు కోసం సర్దిన సంచి విప్పుతోంది. పిల్ల గోడకు ఆనుకుని చూస్తోంది. అప్పుడు పెద్ద కానిస్టేబుల్ సైకిల్ దిగి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"రేపు నువ్వు పోరా. నీ ఎనిమిది గంటలు గూడ నేనే నిలబడుత."

"కాకా, నీ కాళ్లు గట్ల వాచినయ్..."

"నా కాళ్లకేంది, ఇగ పెరిగేటియా? గా పిల్లయి పెరుగుతున్నయ్."

ఆయన ఆ రోజు పదహారు గంటలు నిలబడ్డాడు. చీకటి పడే వేళకు మా గల్లీలో కొత్త ఇనుము చప్పుడు వినిపించింది. పిల్ల గేటు నుంచి గది దాకా ఎక్కడా ఆగకుండా వచ్చి, "పెద్దబాపూ, నలబై ఒక్క అడుగు! నువ్వు గూడ లెక్కవెట్టు" అంది. మళ్లీ నడిపించి లెక్కపెట్టాను. నలభై ఒకటే.

అప్పటి నుంచి ఎనిమిదేళ్లు. మావాడు ఇప్పుడు వేరే ఊరి స్టేషన్‌లో ఉన్నాడు. పెద్దాయన మరుసటి ఏడే ఉద్యోగం విరమించాడు. బదులుగా నీ పూట నేను నిలబడతానని మావాడు ఎన్నిసార్లు అడిగినా, "ఉండనియ్యి" అనేవాడట. పోయిన నెల మావాడు మా అరుగు మీద కూర్చుని పాత క్యాలెండర్ తీయమన్నాడు. వారానికొకటి చొప్పున ఎనిమిదేళ్లకు నాలుగు వందల పదహారు. వచ్చినవి ఐదు. మిగతా నాలుగు వందల పదకొండును పాతదానికి కలిపాను. "కాకా ఎనిమిది గంటలు గూడ రాయన్నా" అన్నాడు. అది సర్కారు అతనికివ్వాల్సింది కాదు, అతను ఆ పెద్దాయనకు ఇవ్వాల్సింది, రెండూ కలపకూడదన్నాను. "రాయన్నా" అన్నాడు మళ్లీ. రాశాను.

తొమ్మిది వందల ఎనభై మూడు రోజులు. కింద వేరే గీత గీసి, ఎనిమిది గంటలు.