చెవి కోసం టైపు చేసిన పాఠాలు

2022 జూన్. బడులు తెరిచిన వారం. హనుమకొండలో బస్టాండుకు పోయే తోవలో మాకొక చిన్న దుకాణం ఉంది. జిరాక్స్ మిషన్ మా ఆయన చూసుకుంటాడు, టైపింగ్ నేను చూసుకుంటాను. నేను చదివింది ఐదో తరగతే. డి.టి.పి. అంటే కంప్యూటర్లో టైపు చేసి కాయితం మీద అందంగా అమర్చే పని. మా ఆపరేటర్ మానేసి పోయినప్పుడు, ఇంకొకరిని పెట్టుకొని జీతం ఇచ్చుడెందుకని నేనే కూసొని నేర్చుకున్నాను. ఇరవై ఏండ్ల పైమాట అది. మనవరాండ్లు పుట్టినా మానలేదు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కోర్టు కాయితాలు ఎన్ని చేశానో. చేసినవి చేసినట్టే మరిచిపోతాను. యాదగిరి సారు పని ఒక్కటి మరవలేదు.

ఆ పొద్దు ఒకాయన గడప దగ్గర కాలితో తడుముకుంటూ నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన బరువైన సంచి.

"అక్కా, ఇది టైపింగ్ దుకాణమేనా?"

"బోర్డు కనబడుతలేదా సారూ?" అన్నాను. ఉత్త పుణ్యానికి అడిగేవాళ్లు మా తోవలో ఎక్కువ, నా నోరు అట్లా అలవాటైంది.

"కనబడుతలేదు అక్కా," అన్నాడు నవ్వుకుంటనే. "అందుకే అడుగుతున్న."

నేను లేచి పోయి చెయ్యి పట్టుకొని కుర్చీలో కూసోబెట్టాను.

ఆయనే యాదగిరి సారు, స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే పంతులు. షుగర్ కండ్లకెక్కింది. వెలుతురు తెలుస్తది, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో తెలుస్తది, అక్షరం తెలవదు. సంచిలో ఉన్నవి ఆయన చేతిరాత నోట్సులు. సర్వీసు మొదటి నుంచి పాఠం పాఠానికి రాసుకున్నవి. బడి పెద్ద స్వరూప మేడం ఆయనకు దసరా దాకా గడువిచ్చింది. సెలవులైనంక పదో తరగతిలో వచ్చి కూసుంటుంది. పాఠం చెప్పగలిగితే సరే, లేకుంటే తరగతులు తీసేసి ఆఫీసు పనికి పెడుతుంది.

"జీతం ఎటూ పోదు అక్కా," అన్నాడు. "కుర్చీ ఇస్తరు, ఫ్యాన్ ఇస్తరు. పిల్లలను ఇయ్యరు."

ఆయన ఫోన్లో స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీది రాతను పైకి చదివి వినిపించే ఏర్పాటు. నోట్సులన్నీ టైపు చేసిస్తే ఫోన్లో ఎక్కించుకొని వింటూ చెప్తానన్నాడు. ఎవరో నెలనెలా పైసలు కట్టే యాప్ కొనుక్కోమన్నారట, అది ఫోటో తీస్తే చదువుతదట.

"మీ పాఠం మీరు వినడానికి నెలనెలా కిరాయి కడతరా? ఉండున్రి, నేను చేసిస్త," అన్నాను.

ముందుగా పదో తరగతి పాఠాలు అందుకున్నాను. ఆయన రాత ముత్యాల లెక్క ఉండేది. నేను కూడా అంతే శ్రద్ధగా టైపు చేశాను. శీర్షికలు లావుగా, ముఖ్యమైన మాటల కింద గీత. ఆయన వచ్చిననాడు ఫైళ్లు ఫోన్లో వేసి, "వినున్రి," అన్నాను. ఆయన వేలితో తెర తట్టాడు.

ఫోన్ ఆగకుండా అందుకుంది. డాలర్, ఎల్, స్లాష్, క్యూ, బ్రాకెట్, మళ్లీ డాలర్.

జిరాక్స్ మిషన్ దగ్గర నుంచి మా ఆయన తల తిప్పాడు. "గదేంది, ఏం మొరుగుతాంది?"

"జీవశాస్త్రం," అన్నాడు సారు. ఆయన నవ్వుకుంటనే ఫోన్ ఆపేశాడు.

ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. నోట్‌ప్యాడ్ అంటే కంప్యూటర్లో ఏ సొగసూ లేని రాత. రంగుండదు, లావు సన్నం ఉండదు, ఉత్త అక్షరాలే. అందులో నా తెలుగు లేదు. అంతా ఇంగ్లీషు పిచ్చిగీతలు. అప్పుడు సంగతి తెలిసింది. మేము ప్రెస్ పనికి వాడే పాత ఫాంటు, కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరాన్నే పెట్టి, పైన తెలుగు చొక్కా తొడుగుతది. కాయితం మీద కంటికి తెలుగే. ఫోన్‌కు కండ్లు లేవు, చొక్కా కనబడదు. లోపల ఉన్నదే చదివింది. మా పనిలో అందరం అదే ఫాంటు వాడుతాం, అచ్చులో ఏ తేడా రాదు, అందుకని ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

"అంటే చేసిందంత వట్టిదేనా అక్కా?"

"నా దుకాణంల వట్టిగపోయేది ఏదీ లేదు సారూ. చాయ్ తాగున్రి."

దీనికి మందు యూనికోడ్. ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా ఒప్పుకునే అక్షరాల పద్ధతి అది. అందులో 'క' అంటే లోపలా బయటా 'క'నే. పాత రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ పైసా ఖర్చు లేకుండా నెట్‌లో దొరికింది. కానీ అది వత్తులు మింగేసేది. అందుకని సారు బడి అయినంక బస్సెక్కి వచ్చేవాడు. ఫోన్ చదివేది, ఆయన వినేవాడు, నేను దిద్దేదాన్ని.

"పతరందాలు," అనేది ఫోన్.

"పత్రరంధ్రాలు," అనేవాడు సారు. "ఆకులకు ముక్కులసుంటివి అక్కా. కండ్లకు ఆనవు గానీ వాటితోనే గాలి పీలుస్తయి."

అట్లా దిద్దుతూ దిద్దుతూ నేను పదో తరగతి జీవశాస్త్రం విన్నాను. చెట్టు తన బువ్వ తనే వండుకుంటదని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు నాకు. కొత్త పాఠాలైతే నేరుగా యూనికోడ్‌లోనే కొట్టాలి. దాని కీబోర్డు వేరే. ఒకటి కొట్టబోతే ఇంకొకటి పడేది. వేళ్లకు పాత అలవాటు మాన్పడం చిన్న తిప్పలు కాదు, తాగుబోతును మాన్పినట్టే.

ఫోన్ చదవడం దారికొచ్చింది గానీ, అది విని సారు పాఠం చెప్పడం కుదరలేదు. ఆయన నోట్సులో వాక్యాలు బారెడు ఉండేవి. ఫోన్ ఒక వరుస ముగించేసరికి మొదట్లో ఏముందో ఆయనే మరిచిపోయేవాడు. నేను పైకి చదివి, నాకు దమ్ము ఎక్కడ ఆగితే అక్కడ వరుస తెంపాను. ఒక దమ్ముకు ఒక వరుస. ఆయన వేలితో ఒకసారి జరిపితే ఒక వరుస వింటాడు, దాన్ని తన మాటల్లో పిల్లలకు చెప్తాడు, మళ్లీ జరుపుతాడు. గీతలు, నక్షత్రం గుర్తులు అన్నీ తీసేశాను, ఎందుకంటే ఫోన్ ప్రతి గుర్తునూ పేరుపెట్టి పిలిచేది. ఫైలు పేర్లకు ముందు తరగతి, పాఠం అంకెలు పెట్టాను. ఒంటి అంకెకు ముందు సున్నా తప్పకుండా ఉండాలి, లేకుంటే రెండో పాఠం కంటే పదో పాఠం ముందొచ్చి కూసుంటది.

ఇక మిగిలింది ఆనవాలు. గంట కొట్టినప్పుడు పాఠం ఎక్కడ ఆగిందో తెలవాలి కదా. పుస్తకమైతే పేజీ మడుస్తాం. ఫైలును ఎట్లా మడుస్తాం? ఆపిన చోట ఒక మాట రాసి, మర్నాడు ఆ మాటను వెతికితే ఫోన్ అక్కడికే తీసుకుపోతుందని అనుకున్నాం. 'ఆగిన' అని రాసుకున్నాడు, దొరికినంక చెరిపేసేవాడు. దుకాణంలో సాధన చేస్తే రెండు పాఠాలు బాగానే నడిచాయి. రక్త ప్రసరణ పాఠంలో ఎంత వెతికినా ఫోన్ వేరే చోటికి పోయి, "గుండె ఆగిన వెంటనే" అని చదివేది.

"తరగతిలో గిట్ల గుండె ఆగితే నా గుండె కూడా ఆగుతది అక్కా," అన్నాడు.

"పాఠంల రాని మాట ఉండాలె సారూ."

"జీవశాస్త్రంల రాని మాట ఏముంటది? బతుకు, సావు అన్నీ అండ్లనే ఉన్నయి."

నాకు తట్టింది. "మీరు పిల్లలతోని ఏమంటరు, గంట కొట్టి పాఠం ఆపినప్పుడు?"

"'గీడిదాక చెప్పిన' అంట నేను."

"పుస్తకంల 'గీడిదాక' ఉంటదా?"

ఆయన కుర్చీ ఊగేటట్టు నవ్వాడు. గీడిదాక అంటే ఇక్కడిదాకా. మన నోట్లో పొద్దస్తమానం ఆడే మాట, పుస్తకాలు ఎన్నడూ గడప దాటనియ్యని మాట. అందుకే ఎంత పెద్ద ఫైలులోనైనా అది ఒక్కచోటే దొరుకుతది. ఒక్క తిప్పలు వచ్చింది. నోటితో చెప్పి రాయించబోతే ఫోన్‌కు మన మాట తెలవక 'గాడిద' అని రాసేది. సారు దాన్ని అక్షరం అక్షరం టైపు చేసుడు నేర్చుకున్నాడు.

దసరా సెలవులు అయిపోయాయి. మేడం వచ్చే రోజు నన్ను కూడా రమ్మన్నాడు, ఫోన్ మొండికేస్తే సరిచేసే మనిషి కావాలని. దుకాణం మా ఆయన మీద వదిలి బస్సెక్కాను. స్టాఫ్ రూములో స్వరూప మేడం నన్ను చూసి కుర్చీ వేయించింది. మంచి మనిషే. కానీ సారు చేతిలో ఫోన్ చూసి ముఖం ముడుచుకుంది.

"తరగతిల ఫోనా సార్? పిల్లలకు వద్దని మనమే చెప్తున్నం."

"నాకు ఇది ఫోన్ కాదు మేడం, కండ్లద్దాలు," అన్నాడు.

మేడం, నేను వెనక బెంచీలో కూసున్నాం. సారు ఒక చెవిలో వైరు పెట్టుకొని గుండె పాఠం మొదలుపెట్టాడు. బొమ్మ గీయడానికి ఒక పిల్లను బోర్డు దగ్గరికి పిలిచాడు. ఆ పిల్ల గీస్తుంటే, "కుడి పక్క పై గది అయిందా? ఇప్పుడు కిందికి రా, బిడ్డా," అని నోటితో గీయించాడు. పావుగంట అయినంక ఒక పిలగాడు లేచాడు.

"సార్, ఒకల్ల గుండె ఇంకొకలకు పెడ్తే మనసు కూడా మారుతదా?"

పిల్లలు గొల్లుమన్నారు. అది ఏ ఫైలులోనూ లేని ప్రశ్న. సారు ఫోన్లో ఏదో కొట్టి, బల్ల మీద పెట్టి, వైరు చెవిలో నుంచి తీసేశాడు. మనసు ఎక్కడుంటదో, గుండె ఏం పని చేస్తదో, భయమేసినప్పుడు అది ఎందుకు ఎగిరెగిరి కొట్టుకుంటదో బెంచీల మధ్య తిరుగుకుంట చెప్పాడు. ఒక్కొక్కల చెయ్యి పట్టుకొని నాడి చూసుకోమన్నాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, వైరు పెట్టుకొని, ఆపిన వరుస నుంచే అందుకున్నాడు.

మేడం ఉండబట్టలేక అడిగింది. "సార్, అంత తొందరగా ఎట్ల దొరికింది? ఏం వెతికిండ్రు?"

"గీడిదాక, మేడం."

తరగతి మొత్తం చప్పట్లు కొట్టి నవ్వింది. మేడం కూడా నవ్వింది.

గంట కొట్టినంక ఆమె తన గదిలో మమ్మల్ని కూసోబెట్టి పేపర్‌వెయిట్ తిప్పుకుంట చెప్పింది. "మీరు చెప్పగలరు సార్. ఎనిమిది, తొమ్మిది మీ దగ్గరే ఉంటయి, ఎవరేమన్నా నేను చూసుకుంట. పదో తరగతి మాత్రం ఈ ఏడు వేరేవాళ్లకు ఇస్త. జవాబుపత్రాలు దిద్దాలె, పబ్లిక్ పరీక్ష, తల్లిదండ్రులు వచ్చి నన్నడుగుతరు. నా బాధ కూడా జర అర్థం చేసుకోండి."

నేను నోరు తెరవబోయాను. సారు నా మోచేతి మీద చెయ్యి వేశాడు. "అర్థమైంది మేడం," అన్నాడు.

తిరుగు బస్సులో సారు కూడా నాతోనే వచ్చాడు. కాజీపేట దాటినంక అన్నాడు, "అక్కా, పదో తరగతి పాఠాలు ఇంకా కొన్ని మిగిలినయి కదా. అవి కూడా కొట్టు."

"చేతిల లేని తరగతికి ఎందుకు సారూ దండుగ?"

"ఈ ఏడు చేతిల లేదు. వచ్చే ఏడు అడగాల్నంటే చెవిలనన్న ఉండాలె కదా."

ఈ పని నాకు నేర్పింది పెద్ద సంగతేమీ కాదు. అప్పటిదాకా నా పని కాయితం అందంగా రావడమే అనుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏది తెచ్చినా టైపు మొదలుపెట్టక ముందే అడుగుతాను, ఇది ఎవరు చదువుతరు, కంటితోనా చెవితోనా అని. కొందరు నన్ను వింతగా చూస్తారు. కొందరు ఆగి, "మా అత్తమ్మకు కండ్లు ఆనవు, గట్ల గూడ అయితదా?" అని అడుగుతారు. వాళ్లకు సొగసులన్నీ తీసేసి ఉత్త అక్షరాలతో, దమ్ముకొక వరుస చేసిస్తాను. ఆ ఫైలు ఎంత పాత ఫోన్లోనైనా తెరుచుకుంటది, దానికి నెల కిరాయి లేదు.

సారు ఎనిమిది, తొమ్మిది చెప్తూనే ఉన్నాడు. కొత్తగా ఏదైనా తెలిస్తే, తేదీ వేసి ఒక వరుస ఫైలులో చేర్చుకుంటాడు. బడులు తెరిచినప్పుడల్లా పదో తరగతి ఇయ్యమని మేడంను అడుగుతాడు. ఇంకా ఇయ్యలేదు. ఆ తరగతి పుస్తకంలో ఏ పాఠం మారినా, వెంటనే నా దగ్గరికి వచ్చి మార్పించుకొని పోతాడు. అడుగుడు ఆయన వంతు, ఇచ్చుడు మేడం వంతు. పాఠాలైతే తయారుగా ఉన్నయి.