మామ్మగారి కుడి పేజీ

ముందుగా నా రాతను మన్నించమని అడుగుతున్నాను. నేను ఏడో తరగతి దాకే చదివాను. ఒత్తులు తప్పుతాయి, అక్షరాలు పక్కకు వాలుతాయి. అయినా ఈ మాట నేనే చెప్పాలి. మా బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండే మామ్మగారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. వాళ్ళమ్మాయి డాక్టరమ్మ ఫోన్ చేసి, "అమ్మ లేవట్లేదు, ఒక్కసారి కిందికి రా" అన్నారు. చేతికంటిన పిండి కడుక్కోకుండానే దిగాను. నిద్రపోతున్నట్టే ఉన్నారు. కళ్ళజోడు మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

మన తెలుగు సంఘం పత్రికకు ఆమె గురించి ఎవరు రాస్తారని అడిగితే డాక్టరమ్మ నా పేరు చెప్పారట. దోహా ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా వీధి వాళ్ళందరికీ మామ్మగారు తెలుసు. ఆమె ఏం పని చేసి వచ్చారో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆమెది యానాం. చిన్నప్పుడు ఫ్రెంచివాళ్ళ బడిలో చదివారు. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం వల్ల బీరూట్ వెళ్ళి, అక్కడ ఒక ఫ్రెంచి పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరారు. యుద్ధం మొదలై, వార్తలు రాసేవాళ్ళు ఒక్కొక్కరే దేశం వదిలిపోతుంటే, దిద్దే ఆమెకే రాసే పని కూడా వచ్చింది. యుద్ధం నడిచినన్నాళ్ళూ రాశారు. అయిపోయాక కూడా చాలా ఏళ్ళు రాశారు. భర్త పోయిన తరువాత కూతురి దగ్గరికి దోహా వచ్చారు.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. మా ఆయన ఏసీల కంపెనీలో సూపర్‌వైజర్, పొద్దున పోతే సాయంత్రానికి గాని రాడు. డాక్టరమ్మ అల్ సద్‌లోని క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు, "మా అమ్మకు కాస్త తోడుంటావా?" అని అడిగారు. మొదటిరోజు తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"ఏవే పిల్లా, గుమ్మానికి కాపలాకొచ్చేవా?"

"ఇక్కడ్నే మంచిగున్నదమ్మా."

"నీకు బానే ఉంటాది. తిరిగి చూసి చూసి నా మెడ పట్టేసింది. వచ్చి కూర్చో."

అలా కూర్చున్నదాన్ని మూడేళ్ళు కూర్చున్నాను. ఆమె పాలు లేని కాఫీలో ఖుబ్బూస్ రొట్టె ముక్క ముంచుకుని తినేవారు. తిన్నాక కిటికీ దగ్గర కుర్చీలోకి చేరి నోట్‌బుక్ తెరిచేవారు. ఎడమ పేజీలో విన్నది, కుడి పేజీలో చూసింది. బీరూట్‌లో నేర్చుకున్న పద్ధతి అది. ఎడమ పేజీలోది పత్రికకు పోవాలంటే, ముందు ఆమె వెళ్ళి కళ్ళతో చూసి కుడి పేజీలోకి తేవాలి. దోహాలో పత్రిక లేదు కాబట్టి మా బిల్డింగ్ వార్తలే రాసేవారు. "లిఫ్ట్ రేపు బాగవుతుందట" అన్న మాట నెలన్నర ఎడమ పేజీలోనే ఉండిపోయింది. వాచ్‌మన్ ఎదురైతే, "నీ లిఫ్ట్ ఇంకా కుడి పేజీలోకి ఎక్కలేదయ్యా" అని తెలుగులోనే అనేవారు. అతను ఏమీ అర్థం కాకపోయినా "ఇన్షా అల్లా మేడమ్" అని నవ్వేవాడు.

యుద్ధం గురించి అడిగితే ఎక్కువ చెప్పేవారు కాదు. యుద్ధం అయిపోయాక రాసిన వార్తలంటేనే ఆమెకు ఇష్టం. యుద్ధంలో బెంచీలన్నీ వంటచెరుకుగా పొయ్యిలోకి పోయిన బడి మళ్ళీ తెరిస్తే, పిల్లలు ఇళ్ళ నుంచి కుర్చీలు నెత్తిన పెట్టుకుని వచ్చారట. ఆ వార్త గురించి చెప్పినప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది. "యుద్ధంలో వార్త మన గుమ్మంలోకే వస్తాది. శాంతి వచ్చేక మనవే వెతుక్కుంటా వెళ్ళాలి. అదే కష్టం" అనేవారు.

దోహా ఆకాశంలో క్షిపణులు కనిపించిన సాయంత్రం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడే నా ఫోన్‌కు ఎవరిదో వాయిస్ మెసేజ్ వచ్చింది. అబూ హమూర్ మార్కెట్ మీద పడిందట, చాలామంది పోయారట. మా ఆడబిడ్డ భర్త పని ఆ మార్కెట్‌లోనే. భయంతో ఏమీ ఆలోచించకుండా దాన్ని మా ఇంటి గ్రూప్‌లోకి పంపేశాను. ఊళ్ళో మా ఆడబిడ్డ అది విని కూలబడిపోయింది. మా ఇంట్లోవాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. అత్త ఫోన్ చేసి, "దుబాయంత కాలిపోయిందటనే? నా అల్లుడేడే?" అని ఒకటే ఏడుపు. అతనికి ఎంత చేసినా లైన్ కలవలేదు. గంట తరువాత అతనే చేశాడు. మార్కెట్‌కు ఏమీ కాలేదు, పక్క దుకాణంలో కూర్చుని అన్నం తింటున్నాడు.

నేను ఆ మెసేజ్‌ను గ్రూప్‌లోంచి చెరిపేసి ఊరుకున్నాను. మరునాడు మామ్మగారికి చెబితే, ఆమె తన తప్పు ఒకటి చెప్పారు. యుద్ధంలో ఒకసారి ఎవరో చెప్పింది నమ్మి, చనిపోయినవాళ్ళ పేర్లలో ఒక రొట్టెలాయన పేరు రాశారట.

"తెల్లారేక ఆయనే ఆఫీసుకొచ్చి బల్ల మీద వేడి రొట్టెలు పెట్టేడు. చచ్చినోడు కాల్చిన రొట్టెలు, రుచి చూడండన్నాడు. అందరూ నవ్వేరు. ఆయన పెళ్ళాం మాత్రం గుమ్మంలో నిలబడి ఏడుస్తంది. నాకు ఆ ఏడుపే గుర్తు."

పై అధికారి లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సవరణ వేద్దామన్నాడట. మొదటి పేజీలోనే వేయాలని ఈమె పట్టుబట్టి, వేసేదాకా కుర్చీలో కూర్చోలేదట.

"చెరిపేస్తే పోద్దేంటే? విన్నోళ్ళ చెవుల్లో ఉండిపోద్ది. ఎక్కడ తప్పు చెప్పేవో అక్కడే దిద్దు. అంత గట్టిగానూ."

"నలుగుట్ల మాట్లాడుడు నాతోని కాదు మామ్మా."

"పంపినప్పుడు నీతోనే అయ్యింది కదా!"

ఆ గ్రూప్‌లో నేను అంతకుముందు ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "నేను నిన్న పంపింది నిజం కాదు. చూడకుంట పంపిన. తప్పు నాదే. వదినా, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను. కాసేపటికి అత్త గొంతు వచ్చింది: "ఓయమ్మో, మా కోడలికి నోరున్నదా!" వెనకనే వదిన: "గీ ముక్కకు గంత వణుకుడెందుకే? మల్లొకసారి ఆయన ఫోన్ కలవకపోతే నేనే దుబాయొచ్చి తంత." మామ్మగారు ఆ రెండూ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు.

ఆ తరువాత నేను కూడా ఒక నోట్‌బుక్ కొనుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా రాత ఇంకొకరి కంట పడటం నాకు భయం. ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి అమ్మకు పంపే ఉత్తరాల కింద కూడా "చదివి పొయ్యిల వెయ్యి" అని రాసేదాన్ని. అది ఒకసారి నోరు జారి చెబితే మామ్మగారికి కోపం వచ్చింది. యుద్ధంలో ఆమె పత్రిక ఆఫీసు కాలిపోయింది. కొన్నేళ్ళు ఆమె రాసినదంతా అందులోనే పోయింది. "బాగోపోతే నవ్వుకోమను. కాల్చమని మాత్రం అనకు" అన్నారు.

నా నోట్‌బుక్ సంగతి ఎలా తెలిసిందో, ఈ మధ్య రెండుమూడు సార్లు అడిగారు.

"రాస్తన్నావంటగా, చూపించవే."

"లేదు మామ్మా, ఏం రాస్తలేను" అని అబద్ధమాడాను. రేపు చూపిద్దాం, ఎల్లుండి చూపిద్దాం అనుకుంటూనే ఉన్నాను.

మామ్మగారు పోయిన మూడో రోజు డాక్టరమ్మ ఆమె నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. అంతా ఫ్రెంచి. నాకు ఒక్క అక్షరం తెలియదు. చివర రాసిన పేజీ మాత్రం తెలుగులో ఉంది, నాకోసమే కాబోలు. ఎడమ పక్కన వణికిన అక్షరాలతో ఒకటే వాక్యం: "పై అంతస్తు పిల్ల ఏదో రాస్తోందట."

కుడి పేజీ ఖాళీగా ఉంది.

చదివాక చించేయండి అని దీని కింద కూడా రాయబోయి ఆగాను. రాయను. ఉంచుకోండి. పత్రికకు పంపడానికి దీన్ని వేరే కాగితాల మీద మళ్ళీ రాసి, మొదట రాసిన కాగితాలు నాలుగు మడతలు పెట్టి ఆ ఖాళీ పేజీలో ఉంచాను. నోట్‌బుక్‌ను కిటికీ దగ్గర ఆమె కుర్చీలో తెరిచి పెట్టాను. ఏసీ గాలికి మిగతా పేజీలన్నీ లేచి పడుతున్నాయి. ఆ ఒక్క పేజీ మాత్రం బరువుకు కదలడం లేదు.