రాళ్లవాగు ట్యాంకు నంబరు

వందన కూర్చుంటే కాలు ఆడుతూనే ఉండేది. బల్ల కింద కుడికాలు అలా ఊగుతుంటే పైన టీ గ్లాసు కూడా సన్నగా వణికేది. "నీ కాలికి ఎవురన్నా కరెంటు పెట్టినారా ఏంది తల్లీ?" అనేవాడు పైఅధికారి కోటేశ్వరరావు. ఆమె నవ్వి కాలు ఆపేది. ఆయన అటు తిరగ్గానే మళ్లీ మొదలు.

ఆ స్వభావం పుట్టుకతో వచ్చిందే. పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊళ్లో గొర్రెలు మేపుకునే ఎర్రయ్య కూతురు ఆమె. బడికి సెలవిస్తే మంద ముందు ఉరికేది, మంద వెనక నడవడం ఆమెకు చేతకాలేదు. "ఇది పిల్ల కాదు, కాలుగాలిన పిల్లి" అనేది తల్లి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, మార్కాపురం పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కొన్నాళ్లు చేసింది. సెల్‌ఫోన్ల దుకాణంలో ఇంకొన్నాళ్లు చేసింది. ఎక్కడా మనసు నిలవలేదు. చివరికి మంచినీళ్ల పథకం కంట్రోల్ రూములో కాంట్రాక్టు పని దొరికింది. ఆశ్చర్యంగా అక్కడ నిలిచింది. ఆ పనికీ ఆమెలాగే ఒకచోట ఊరకుండే గుణం లేదు మరి.

పడమటి పల్లెల ట్యాంకుల్లో నీళ్లు ఎంత ఉన్నాయో, మోటారు ఆడుతోందో లేదో మార్కాపురంలో కూర్చుని తెలుసుకోవాలి. అందుకోసం ప్రతి ట్యాంకు దగ్గర ఒక పెట్టె, పెట్టెలో సిమ్ వేసిన మోడెం ఒకటి ఉండేవి. కంట్రోల్ రూములోని సర్వర్ ల్యాండ్‌లైన్ల మీద వాటికి వరసగా ఫోన్ చేసేది. అవతలి మోడెం ఎత్తితే రెండూ కాసేపు కీచుకీచుమని, ఒకదాని భాష ఒకదానికి అర్థమయ్యాక సద్దుమణిగి లెక్క చెప్పుకునేవి. ఏ ట్యాంకుకు ఏ నంబరు, ఎంత వేగంతో మాట్లాడాలి, ఎత్తకపోతే ఎంతసేపు చూడాలి, తప్పితే ఎన్నిసార్లు మళ్లీ చేయాలి, ఇవన్నీ సర్వర్‌లో కుదిర్చి పెట్టడం వందన పని. కొత్త కనెక్షన్ ఒకటి కుదిరి తెరమీద పచ్చగా వెలిగితే ఆమె కాలు కాసేపు తనంతట తానే ఆగేది.

రాళ్లవాగు ట్యాంకు ఒక్కటే ఆమెను సతాయించింది. పిడుగు పడి అక్కడి పెట్టె కాలిపోయింది. రిపేరుకు పంపితే తిరిగి రావడానికి నెలల మీద నెలలు పట్టాయి. ఎండాకాలం మొదట్లో శ్యాంసన్ అనే మెకానిక్ దాన్ని మళ్లీ బిగించి వచ్చాడని చెప్పారు. వందన సర్వర్‌లో పాత కనెక్షన్ తెరిచింది. సర్వర్ ఫోన్ చేసింది. అవతల ఎత్తారు. కానీ మాట కలవలేదు.

ఎత్తకపోయి ఉంటే ఆమె అంత పట్టించుకునేది కాదేమో. ఎత్తి మాట్లాడకపోవడమే ఆమెను తినేసింది. వేగం తగ్గించి చూసింది. ఎదురుచూసే సమయం పెంచింది. మోడెంకు మొదట పంపే ఆదేశాలు మార్చింది. ప్రతిసారీ అదే తంతు, ఎవరో ఎత్తినట్టే ఉంటుంది, కాసేపటికి లైను తెగిపోతుంది.

"వదిలెయ్యమ్మా. శ్యాంసన్ పోయి చూసి వస్తాడు" అన్నాడు కోటేశ్వరరావు.

"ఎప్పుడు పోతాడు సార్?"

"జీపు దొరికినప్పుడు."

జీపు దొరకలేదు. రాళ్లవాగు నుంచి మాత్రం రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, ట్యాంకు ఎండిపోయిందని తిట్టేవారు. వందనకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, గంటకోసారి చేయాల్సిన ఫోన్‌ను పది నిమిషాలకోసారి చేసేలా మార్చేసింది. ఎప్పుడో ఒకప్పుడు కలవకపోతుందా అని ఆమె ఆశ. అలా వారాలు గడిచాయి.

ఒక పొద్దున కంట్రోల్ రూముకు ఒక మనిషి వచ్చాడు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వచ్చీ రాగానే ఒక ల్యాండ్‌లైన్ నంబరు గట్టిగా చదివాడు.

"ఈ నంబరు మీదేనా?"

"మాదే. ఏం కావాలన్నా?" అంది వందన.

"దీంట్లో మాట్లాడేది ఎవురు? వాణ్ణి పిలువు."

"ఎవురూ మాట్లాడరన్నా. అది మిషను లైను."

"నన్ను పిచ్చోణ్ణి చేయొద్దు!" అతను బల్ల మీద గుద్దాడు. "మిషను నా పెళ్లానికి ఎందుకు ఫోన్ చేస్తాది? పొద్దున లేస్తే మాపటిదాకా అదే పని. నేనెత్తితే కూతలు పెడతాడు. నేను తిరిగి చేస్తే చెవులు పగిలేట్టు అరుపు. టెలిఫోన్ ఆఫీసులో కనుక్కొని వచ్చినా. ఈడనే ఉన్నాడు వాడు."

కోటేశ్వరరావు లేచి సర్దిచెప్పబోయాడు. వందన మాత్రం అడిగింది. "మీ ఆమె నంబరు చెప్పన్నా."

అతను చెప్పాడు. ఒక్కో అంకె పడుతుంటే, తర్వాతిది ఏమిటో ఆమెకు ముందే తెలిసిపోతోంది. ఆ అంకెలు ఆమె చేతులకు కంఠతా వచ్చు. అవి రాళ్లవాగు ట్యాంకువి.

పెట్టె మూలపడిన నెలల్లో వాడకంలో లేని ఆ సిమ్‌ను కంపెనీవాళ్లు రద్దు చేసి, నంబరును మార్కెట్లో ఇంకెవరికో అమ్మేశారు. బాగుచేసి తెచ్చిన పెట్టెలో శ్యాంసన్ కొత్త సిమ్ వేశాడు. ఆ కబురు వందన దాకా రాలేదు. ఇన్నాళ్లూ సర్వర్ పిలుస్తున్నది ట్యాంకును కాదు, ఒక ఇంటి ఆడమనిషిని.

"ఒక్క నిమిషం కూర్చో అన్నా" అని ఆమె సర్వర్‌తో ఆ నంబరుకు చేయించింది. అతని జేబులోనే ఫోన్ మోగింది. భార్య దగ్గర లాక్కున్న ఫోన్ అది. ఎత్తి చెవిన పెట్టుకున్నాడు. అదే కూత. ఆమె కనెక్షన్ తెంపింది, కూత ఆగింది. మళ్లీ చేయించింది, మళ్లీ మోగింది. అతను ఫోన్ వంక చూశాడు, తెర వంక చూశాడు, నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు.

అతని పేరు మహేష్. వెలిగండ్ల పక్క పల్లెలో కంది, మిరప పండించుకునే రైతు. భార్య అంజలి. ముందురోజు నీళ్ల కొళాయి దగ్గర, నలుగురూ చూస్తుండగా, అనరాని మాటలు అని చెయ్యి కూడా చేసుకున్నాడట. ఆమె బిందె అక్కడే వదిలి పుల్లలచెరువులోని పుట్టింటికి బస్సెక్కింది.

"మొదట గంటకోసారి వచ్చేది" అన్నాడు మహేష్, నేల చూస్తూ. "అప్పుడు నేను పట్టించుకోలా. తర్వాత ఊపిరి తిప్పుకోనీకుండా మొదలైనాది. దాంతోనే నాకు పిచ్చెక్కింది."

"అట్ల మార్చింది నేనేనన్నా" అంది వందన.

అతను తలెత్తి ఒకసారి చూసి, ఊడిన గుండీ దగ్గరి దారం పీక్కున్నాడు. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

ఆ నంబరును సర్వర్‌లోంచి తీసేయడానికి క్షణం పట్టలేదు. ఆ తర్వాత మాత్రం ఆమె కూర్చోలేకపోయింది. వరండాలోకి వెళ్లింది, లోపలికి వచ్చింది, నీళ్లు తాగింది, మళ్లీ వరండాలోకి వెళ్లింది. "సార్, నేను పోయి ఆమెకు చెప్పి వస్తా" అంది.

"ఎందుకమ్మా లేనిపోని తంటా? ఆఫీసు తప్పని మనమే చెప్పుకుంటే మన మెడకే చుట్టుకుంటాది. అతనికి తెలిసింది గదా, అతనే చెప్పుకుంటాడు."

"అతను చెప్తే ఆమె ఎట్ల నమ్మేది సార్?"

మరుసటి రోజు సెలవు పెట్టి పుల్లలచెరువు బస్సెక్కింది. మహేష్ కూడా వచ్చాడు. వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా కిటికీ చువ్వ పట్టుకునే ఉన్నాడు. వందన చెప్పబోయే మాటలు లోలోపల దిద్దుకుంటూ పోయింది. ఎర్రగొండపాలెం దాటేసరికి అవన్నీ కలగాపులగమయ్యాయి.

అంజలి నాయన ఓబులేసు పశువుల కొట్టం ముందు పలుపుతాడు పేనుతున్నాడు. అల్లుణ్ణి చూసి చేతిలో తాడు ఆపలేదు, రమ్మని అనలేదు. మహేష్ దడి దగ్గరే నిలబడిపోయాడు.

"నువ్వెవురమ్మా?"

వందన తన నాయన పేరు, ఊరి పేరు చెప్పుకుంది. ఎర్రయ్య పేరు వినగానే ఓబులేసు ముఖం కొంచెం సడలింది. కూతుర్ని కేకేశాడు. అంజలి చేతులకు తవుడు అంటుకుని ఉండగానే బయటికి వచ్చింది. వందన అనుకున్నదానికన్నా చిన్న పిల్ల.

వందన గబగబా చెప్పుకుపోయింది. ట్యాంకు, మోడెం, రద్దయిన సిమ్, పది నిమిషాల సంగతి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చెప్పి, ఆమె ముఖం వంక చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది, లేదంటే నవ్వుతుందనుకుంది.

అంజలి రెండూ చేయలేదు. "మిషనేనని నాకు ముందే తెలుసక్కా" అంది. "ఏ మిషనో తెలీదు గానీ, మనిషి కాదని తెలుసు. అదే ఆయనకు చెప్పినా. చేతిలో చెయ్యేసి చెప్పినా. ఇయ్యాల మిషను తనే సాక్షం చెప్తే నమ్మినాడు. నేను చెప్పినప్పుడు ఎందుకు నమ్మలా?"

వందన దడి దగ్గర నిలబడ్డ మహేష్ వంక చూసింది.

"తప్పు నాదమ్మా. నా తొందర వల్ల ఇంతదాకా వచ్చినాది. అన్న కూడా బాధపడతావుండాడు. పొద్దుగూకేలోపల బస్సుంది, ముగ్గురం కలిసి పోదాం..."

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నావక్కా, చాలు. ఆయన తప్పు కూడా నువ్వే మోయొద్దు." అంజలి చేతుల తవుడు దులుపుకుంది. "కొళాయి కాడ, ఎవురి ముందు నన్ను అన్నాడో వాళ్ల ముందే తప్పని చెప్పమను. ఆ మాట నా చెవిన పడినాక చూస్తా. ముందు నా ఫోన్ నాకియ్యమను."

దడి దగ్గరి నుంచి మహేష్ వచ్చి ఫోన్ ఆమె చేతికి ఇచ్చాడు. మామ ముఖం చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఓబులేసు తాడు పక్కన పెట్టి, "మంచినీళ్లు తాగి పొండి" అన్నాడు. ఆ ఇంట్లో మహేష్‌కు ఆ రోజు దక్కిన మర్యాద అదొక్కటే.

వచ్చిన పని కాలేదని వందన తిరుగు బస్సులో కుమిలిపోయింది. సర్వర్‌లో తప్పు నంబరు తీసి సరైనది పెడితే చాలు, అంతా పచ్చగా వెలుగుతుంది. ఇక్కడ ఆమె చేతికందే మీట ఏదీ లేదు. ఆ వారమే శ్యాంసన్‌ను వెంటబెట్టుకుని, ఆర్టీసీ బస్సులోనే రాళ్లవాగు పోయింది. ట్యాంకు మెట్లెక్కి పెట్టె తెరిపించి, సిమ్ నంబరు తన కళ్లతో చూసుకుంది. మొదట తన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి, పెట్టెలో దీపం మినుకుమినుకుమంటేనే నమ్మింది. ఆ తర్వాత ఏ ట్యాంకు నంబరైనా సరే, తన ఫోన్ నుంచి చేసి అవతల ఎత్తేది ఏమిటో విని గానీ సర్వర్‌కు ఎక్కించేది కాదు. "దేనికమ్మా ఇంత చాదస్తం" అని కోటేశ్వరరావు విసుక్కునేవాడు. ఆమె అప్పటికే తర్వాతి నంబరు నొక్కుతుండేది.

మహేష్ ఆ మాట అనడానికి చాలా రోజులు పట్టింది. రెండుసార్లు కొళాయి దాకా పోయి వెనక్కి వచ్చాడట. తొలకరి వానలు పడి, ఊరంతా విత్తనాల హడావిడిలో ఉన్నప్పుడు, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల ముందు నిలబడి, "నా పెళ్లాం తప్పేమీ లేదు. నాదే బుద్ధి తక్కువ" అన్నాడు. ఆ సంగతి అంజలికి చెప్పింది అతను కాదు, పక్కింటి సావిత్రమ్మ. ఆ తర్వాత అంజలి తనంతట తానే బస్సెక్కి వెళ్లింది. తీసుకుపోవడానికి ఎవరూ రావద్దంది.

కంది పూతకొచ్చే వేళకు వందన ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేసింది. సర్వర్‌లోంచి తీసేసినా ఆ నంబరు ఆమె చేతుల్లోంచి పోలేదు.

"బాగుండావా అంజలీ?"

"బాగుండానక్కా. ఆయన కూడా బాగానే చూసుకుంటుండాడు." అంజలి గొంతు తగ్గించింది. "ఫోన్ మోగితే మాత్రం ఇప్పటికీ తల తిప్పి చూస్తాడు. నేను చూస్తుండానని తెలిసి మళ్లీ దించుకుంటాడు. ఇప్పుడు కూడా అంతే చేసినాడు."

వందన "ఉంటానమ్మా" అని పెట్టేసింది. తెరమీద ట్యాంకులన్నీ పచ్చగానే ఉన్నాయి, బల్ల కింద కాలు మాత్రం ఆగలేదు. ఆమె కుర్చీలోంచి లేచి వరండాలోకి నడిచింది.